మొలల ఆపరేషన్ తర్వాత నొప్పి, వాపు తగ్గేదెలా? నాన్నగారి విషయంలో సలహా కావాలి

గోదారిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై దాటాయి. ఎన్నో ఏళ్లుగా మొలలతో బాధపడుతూ, మోషన్‌కు వెళ్లిన ప్రతిసారీ బయటికి జారిన మొలను చేత్తో లోపలికి సర్దుకుంటూ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కాలం వెళ్లదీశారు. పొలం గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తగ్గిపోయిందని తేలింది. అప్పుడుగాని అసలు సంగతి మాకు తెలియలేదు. ఈ వారం మొదట్లో నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, మొలలు కోసి తీసేసి, మర్నాడు ఇంటికి పంపించారు. ఆయనకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి.

చీటీలో నొప్పి మాత్రలు, మోషన్ మెత్తబడడానికి లాక్టులోజ్ సిరప్, పూతకు జెల్లీ, ఐరన్ మాత్రలు రాశారు. గోరువెచ్చని నీళ్లలో కూర్చోమన్నారు. అంతకు మించి ఎవరూ విడమరిచి చెప్పలేదు. మొదటిసారి మోషన్ వచ్చినప్పుడు ఆయన తలుపు గొళ్లెం పట్టుకుని ఏడ్చారు. ఆయన కళ్లలో నీళ్లు నేనెప్పుడూ చూడలేదు. ఆ భయంతో ఇప్పుడు పూటకు రెండు ఇడ్లీలు, కాస్త మజ్జిగ తప్ప ఏమీ ముట్టడం లేదు. తింటే మళ్లీ వెళ్లవలసి వస్తుందని ఆయన లెక్క. నొప్పి తట్టుకోలేనంత అయ్యేదాకా మాత్ర వేసుకోరు, అలవాటైపోతుందంటారు.

దానికి తోడు మలద్వారం చుట్టూ ద్రాక్షపళ్లంత వాపు కనిపిస్తోంది. తీసేసిన మొలలు ఇంతలోనే తిరిగొచ్చాయేమోనని ఆయన దిగులు. బంధువుల్లో ఒకరు ఐసు పెట్టమంటున్నారు, ఇంకొకరు వేడినీళ్లలో డెట్టాల్ కలపమంటున్నారు, బొప్పాయి వేడి చేస్తుందని అమ్మ దాచేసింది. అనుభవం ఉన్నవారు, వైద్యం తెలిసినవారు దయచేసి దారి చూపించండి.

వార్డు సిస్టర్

బాబూ, నేను గుంటూరులో సర్జరీ వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను. మీ నాన్నగారు పడుతున్న బాధలో సగానికి సగం తగ్గించగలిగినదే కాబట్టి ధైర్యంగా ఉండండి. అన్నిటికన్నా ముందు సరిచేయవలసినది ఆయన తిండి మానేయడం. తిండి తగ్గితే మోషన్ ఆగదు, ఆలస్యమవుతుంది. ఆలస్యమైన కొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేసుకుంటుంది. అప్పుడది గట్టిపడి, పచ్చి పుండు మీదుగా రాసుకుంటూ దిగుతుంది. ఆయన తప్పించుకోవాలనుకుంటున్న నొప్పినే ఆ పద్ధతి రెట్టింపు చేస్తుందని కూర్చోబెట్టి చెప్పండి. ఐరన్ మాత్రలు కూడా కొందరికి మలబద్ధకం తెస్తాయి, మోషన్ నల్లగా వచ్చేలా చేస్తాయి. ఆ నలుపును చూసి కంగారు పడకండి, కానీ ఈ మొదటి వారంలో ఐరన్ వేసుకోవాలా, కొన్నాళ్లు ఆగి మొదలుపెట్టాలా అని మీ డాక్టరుగారిని అడగండి.

నొప్పి మాత్ర విషయం. నొప్పి వచ్చాక వేసుకునే మాత్ర, ముదిరిన నొప్పి వెనకాల పరుగెడుతూనే ఉంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి ఉన్నా లేకపోయినా గడియారం చూసి, డాక్టరు చెప్పిన వేళలకు వేయండి. ఫోనులో అలారం పెట్టండి, రాత్రి మాత్రతో సహా. ఈ మాత్రలు ఇలా కొద్ది రోజులు వాడినంత మాత్రాన అలవాటు పడరు. రోజూ మోషన్ వచ్చే వేళకు ముప్పావుగంట, గంట ముందు ఒక మోతాదు పడేలా సర్దుకుంటే, వెళ్లే సమయానికి మందు పట్టు మీద ఉంటుంది. మత్తు జెల్లీ ఇచ్చి ఉంటే, వెళ్లడానికి పది పదిహేను నిమిషాల ముందు శుభ్రమైన వేలికి తొడుగు వేసుకుని అంచుల చుట్టూ పలుచగా రాయాలి. లోపలికి వేలు పెట్టకూడదు.

ఇప్పుడు నీళ్లలో కూర్చోవడం. మందుల షాపుల్లో కమోడ్ మీద అమరే ప్లాస్టిక్ తొట్టి దొరుకుతుంది. లేకపోతే అడుగు వెడల్పుగా ఉన్న స్నానాల బేసిను చాలు. నాలుగైదు అంగుళాల లోతున నీళ్లు పోసి, పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు, మోషన్‌కు వెళ్లివచ్చిన ప్రతిసారీ కూర్చోబెట్టండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, వేడిగా కాదు. ముఖ్యంగా మీ నాన్నగారికి షుగరు ఉంది. షుగరు ఉన్నవారికి చర్మంలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, కాలుతున్నా తెలియదు. అందుకని ఆయన చెయ్యి కాక మీ మోచెయ్యి ముంచి చూడండి. డెట్టాల్ వద్దు, ఉప్పు అవసరం లేదు, ఊదారంగు వచ్చేదాకా పొటాష్ (పొటాషియం పర్మాంగనేట్) గుళికలు వేయడం అసలే వద్దు. చిక్కగా కలిపిన పొటాష్ చర్మాన్ని కాల్చేస్తుంది. డాక్టరు బెటాడిన్ ద్రావణం రాసి ఉంటే చెప్పిన కొలత మేరకు మాత్రం కలపవచ్చు. లేచాక తువ్వాలుతో రుద్దకుండా మెత్తని నూలు గుడ్డతో అద్ది, గాలికి ఆరనివ్వండి. లేచేటప్పుడు మీరు పక్కనే ఉండండి. రక్తం తక్కువగా ఉన్న మనిషి వెచ్చని నీళ్లలోంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి.

మీ ఇంట్లో నేల మీది దొడ్డి అయితే, ఈ కొన్ని వారాలకు గుంత కుర్చీ, అంటే మధ్యలో చిల్లు ఉన్న కమోడ్ కుర్చీ, ఒకటి తెచ్చుకోండి. గొంతుక్కూర్చుంటే మోషన్ తేలిగ్గా అవుతుందన్నది మామూలు రోజుల్లో నిజమే గాని, పచ్చి పుండుతో అలా కూర్చుని లేవడం అరవై దాటిన మోకాళ్లకు, నడుముకు నరకం. కుర్చీ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట వేస్తే మోకాళ్లు తుంటి కన్నా ఎత్తుకు వచ్చి, ముక్కవలసిన పని తగ్గుతుంది. అయిదు నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయమనండి, ఫోను పట్టుకుని అక్కడే కూర్చోనివ్వకండి.

మానేరు వాగు

నాకు హైదరాబాదులో మొలలకు రబ్బరు బ్యాండు వేశారు. ఆ సాయంత్రానికే ఆఫీసు పని చేసుకున్నాను. మోషన్ రాబోతున్నట్టు ఒక రకమైన బరువు, ఒత్తిడి మాత్రం రెండు రోజులు ఉండింది. వారం దాటాక బ్యాండుతో పాటు ఎండిపోయిన ముక్క రాలిపోయింది, ఆ రోజు కొద్దిగా రక్తం కనబడింది. మా బావగారికి కోత ఆపరేషన్ అయినప్పుడు నా మాట నమ్మి "ఏముంది, రెండు రోజుల్లో తిరుగుతావు" అని ఇంటిల్లిపాదీ ఆయనను తొందరపెట్టారు. ఆయనకు మూడో వారానికి గాని కుర్చీలో స్థిమితంగా కూర్చోవడం కుదరలేదు. రెండూ మొలల వైద్యమే అయినా నొప్పి ఇంత తేడాగా ఎందుకుంటుందో డాక్టరు సభ్యులెవరైనా వివరిస్తే, ఇళ్లలో రోగులను ఒకరితో ఒకరిని పోల్చడం తగ్గుతుంది.

పల్లె సర్జన్

చాలా అవసరమైన ప్రశ్న. మలద్వారం లోపల కొద్ది ఎత్తులో రంపపు అంచులా ఉండే ఒక గీత ఉంటుంది. దాని పైనున్న పొరకు కోత, మంట తెలిపే నాడులు లేవు. సాగదీత మాత్రమే తెలుస్తుంది. దాని కిందనున్న చర్మానికి మాత్రం వేలికొనకు ఉన్నంత సున్నితత్వం ఉంటుంది. బ్యాండు వేసేది ఆ గీతకు పైన. అందుకే ఈ సభ్యుడికి బరువే తెలిసింది, నొప్పి తెలియలేదు. బ్యాండు వేసిన వెంటనే భరించలేని నొప్పి వస్తే అది గీత మీదనో, కిందనో పడిందని అర్థం. ఇంటికి వెళ్లకుండా అప్పుడే చెబితే తీసి మళ్లీ వేస్తారు.

కోత ఆపరేషన్‌లో గాయం గీతకు ఇరువైపులా పడుతుంది. మన దగ్గర ఎక్కువగా చేసే పద్ధతిని 1937లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన మిలిగన్, మోర్గాన్ అనే సర్జన్లు ప్రచురించారు. అందులో మొలను కోసి తీసి, పుండును కుట్టకుండా దానంతటదే మానేలా వదిలేస్తారు. పూర్తిగా మానడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, షుగరు అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ. ఫెర్గూసన్ పద్ధతిలో కుట్లు వేస్తారు. 1998లో ఇటలీ సర్జన్ లాంగో పరిచయం చేసిన స్టేప్లర్ పద్ధతిలో గాయం గీతకు పైనే ఉంటుంది కాబట్టి తొలి రోజుల నొప్పి తక్కువ, కానీ మొల తిరగబెట్టే అవకాశం కోత పద్ధతి కన్నా ఎక్కువ. లేజరులోనూ తొలి రోజుల నొప్పి తక్కువే, అయితే వాపు ఉండదని ప్రకటనల్లో రాసేది నిజం కాదు. లేజరు వేడికి లోపలి మొల ముడుచుకునే ముందు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు తగ్గడానికి వారాలు పట్టవచ్చు. నాలుగో దశ మొలలకు, అంటే లోపలికి నెట్టినా నిలవని వాటికి, కోత ఆపరేషనే ఇప్పటికీ నికరమైన వైద్యం. నొప్పి తక్కువన్న ఒక్క కారణంతో పద్ధతిని ఎంచుకోకూడదు.

కోత తర్వాత నొప్పికి పుండు ఒక్కటే కారణం కాదు. మలద్వారాన్ని మూసి ఉంచే లోపలి కండరం మన అధీనంలో ఉండదు. పుండు తగలగానే అది బిగుసుకుపోతుంది. మోషన్ అయిపోయాక కూడా గంట, రెండు గంటలు పిండేసినట్టు వచ్చే నొప్పి చాలావరకు ఈ బిగువు వల్లే. సిస్టరు గారు చెప్పిన వెచ్చని నీళ్లు పనిచేసేది ఇక్కడే. అది చాలకపోతే ఆ కండరాన్ని సడలించే 2 శాతం డిల్టియాజెమ్ జెల్ అంచుకు రాయమని చెబుతాం. నైట్రోగ్లిజరిన్ పూత కూడా అదే పని చేస్తుంది గాని తలనొప్పి బాగా తెస్తుంది, బీపీని తగ్గిస్తుంది. అంగస్తంభనకు మాత్రలు వాడేవారు దాన్ని ముట్టకూడదు. 10 శాతం మెట్రోనిడజోల్ పూత కూడా ఆపరేషన్ తర్వాతి నొప్పిని తగ్గిస్తుంది. అయితే వీటిలో దేనినీ షాపువాడి సలహా మీద కొనకండి. మొలలకు ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పూతమందుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పచ్చి పుండు మీద అది మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

మాత్రల లెక్క జాగ్రత్తగా చూడండి. ఆరోగ్యవంతులైన పెద్దలకు పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు పరిమితి. వయసు మళ్లినవారికి, సన్నగా ఉన్నవారికి, కాలేయం బాగా లేనివారికి, మద్యం తాగేవారికి మేము 3 గ్రాములో, అంతకన్నా తక్కువో పెడతాం. డోలో 650 వేసుకుంటూనే, ఎసెక్లోఫెనాక్ కలిసిన మరో మాత్ర వేసుకుంటారు. అందులోనూ తరచుగా పారాసిటమాల్ కలిసి ఉంటుందని చాలామందికి తెలియదు. అట్ట మీద పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. మీ నాన్నగారికి షుగరు, బీపీ ఉన్నాయి కాబట్టి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసెక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాల పరీక్ష, అంటే క్రియాటినిన్, చూడకుండా రోజుల తరబడి వాడకండి. ట్రామడాల్ నొప్పిని తగ్గిస్తుంది గాని వాంతులు తెస్తుంది, పేగును బద్ధకింపజేస్తుంది. తప్పనిసరై వాడితే విరేచనకారి మోతాదు పెంచవలసి రావచ్చు.

వాపు గురించి. కోతల మధ్య వదిలిన చర్మపు వంతెనలు ఉబ్బి, మీకు ద్రాక్షల్లా కనిపిస్తున్నాయి. అవి తిరిగొచ్చిన మొలలు కావు. మొత్తం చర్మం తీసేస్తే మలద్వారం సన్నబడిపోతుందని సర్జను ఆ వంతెనలను కావాలనే ఉంచుతాడు. మొదటి రెండు రోజులు ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఆనించడం మంచిది. నేరుగా చర్మానికి తగిలించకూడదు. ఇప్పుడు మీకు ఆ దశ దాటింది కాబట్టి వెచ్చని నీళ్లకే మొగ్గు చూపండి. గంటల తరబడి కూర్చోనివ్వకండి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటే, లేదా బోర్లా పడుకుని తుంటి కింద పలుచని దిండు వేసుకుంటే రక్తం నిలవ తగ్గి వాపు దిగుతుంది. మధ్యలో చిల్లు ఉన్న గాలి దిండు చాలామంది కొంటారు. దాని మీద ఎక్కువసేపు కూర్చుంటే మలద్వారం చుట్టూ చర్మం కిందికి సాగి, వాపు పెరగవచ్చు. మెత్తని చదునైన దిండే మేలు. డయాస్మిన్, హెస్పెరిడిన్ కలిసిన మాత్రలు కొందరికి వాపును, రక్తస్రావాన్ని తగ్గిస్తాయి. వాపు చాలావరకు రెండు వారాల్లో దిగుతుంది. ఆ తర్వాత మిగిలే మెత్తని చర్మపు మడతలు రెండు నెలల్లో ముడుచుకుంటాయి, కొన్ని అలాగే ఉండిపోతాయి, వాటితో హాని లేదు. వాపు నీలంగా మారి, రాయిలా గట్టిపడి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే మాత్రం లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, చూపించాలి.

పాలమూరు పిల్ల

ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు, అయినా అడుగుతున్నాను. కాన్పు అయిన కొద్ది రోజులకే నాకు మలద్వారం బయట గడ్డలా వాచింది. రక్తం గడ్డకట్టిందని చెప్పి, అక్కడే మత్తు ఇచ్చి చిన్న కోతతో తీసేశారు. పాపకు పాలిస్తున్నాను. నొప్పి మందులు పాలల్లోకి వెళ్తాయని అత్తగారు మాత్రలు వేసుకోనివ్వడం లేదు. పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే కష్టంగా ఉంది. పత్యమని కూరలు, పండ్లు మాన్పించి ఉత్త అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి పెడుతున్నారు.

వార్డు సిస్టర్

అమ్మా, తప్పకుండా అడగవచ్చు. ఈ మాట అడగడానికి సిగ్గుపడి ఇంట్లో పడి ఉండే బాలింతలు ఎంతమందో. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలలోకి చాలా కొద్దిగానే చేరుతాయి. పాలిచ్చే తల్లులకు మామూలుగా వాడేవి అవే. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు వంటివి నీకు లేకపోతే డాక్టరు చెప్పిన మోతాదులో నిశ్చింతగా వేసుకో. లాక్టులోజ్ పేగులోంచి ఒంట్లోకి దాదాపు చేరదు, ఇసబ్‌గోల్ అసలు చేరదు. పక్కకు తిరిగి పడుకుని పాలు ఇవ్వు. పాపను నీ పక్కనే పొట్టకు పొట్ట ఆనేలా పడుకోబెట్టుకుంటే కూర్చోవలసిన అవసరమే ఉండదు.

పత్యం మాట అత్తగారితో గొడవ పడకుండా మెల్లగా చెప్పు. పాలిచ్చే తల్లి ఒంట్లో నీళ్లు పాలకు పోతాయి. పీచు, నీళ్లు తక్కువై, కారం ఎక్కువైతే మోషన్ గట్టిపడి గాయం తెరుచుకుంటుంది. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ పత్యపు కూరలేనని పెద్దవాళ్లే ఒప్పుకుంటారు. ముందు వాటితో మొదలుపెట్టి, మెల్లగా తోటకూర పప్పు, అరటిపండు చేర్చుకో.

కువైట్ కోనసీమ

పెద్దలకు నమస్కారం. నేను ఇక్కడ డ్రైవరుగా పని చేస్తున్నాను. సెలవు మీద ఊరు వచ్చి ఆపరేషన్ చేయించుకుందామనుకుంటే, మా ఊరి బస్టాండు దగ్గర "కోత లేదు, నొప్పి లేదు, ఒక్క ఇంజెక్షన్" అని బోర్డు ఉన్నచోట చేయించుకో, వారంలో తిరిగి వెళ్లిపోవచ్చు అని స్నేహితులు చెబుతున్నారు. ఎండలో గంటల తరబడి సీటు మీద కూర్చునే పని నాది. ఎన్నాళ్లు సెలవు పెట్టాలి?

పల్లె సర్జన్

తమ్ముడూ, ఆ బోర్డు చూసి వెళ్లవద్దు. మొలలకు ఇంజెక్షన్ వైద్యం నిజంగానే ఉంది. చిన్న మొలలకు, లోపలి పొరలో, కొలిచిన మందుతో, చదువుకున్న డాక్టరు పరికరంతో చూస్తూ ఇస్తారు. అర్హత లేనివారు ఏ మందో చెప్పకుండా గుచ్చిన ఇంజెక్షన్ తర్వాత కండ కుళ్లిపోయి, మలద్వారం సన్నబడిపోయి, మోషన్ ఆపుకోలేని స్థితిలో మా దగ్గరకు వచ్చినవారికి నేను వైద్యం చేశాను. వారిలో ఎక్కువమంది నీలాగే సెలవు తక్కువని వెళ్లినవారే, ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడనివారే. ఇది తలచుకుంటే కోపం, బాధ రెండూ వస్తాయి.

బ్యాండు వేయించుకుంటే రెండు మూడు రోజుల్లో పనికి వెళ్లవచ్చు, కానీ బ్యాండు రాలే సమయంలో, అంటే సుమారు రెండు వారాల దాకా, రక్తస్రావం జరిగే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ లోపు విమానం ఎక్కి దూరం వెళ్లకపోవడం మంచిది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. కోత ఆపరేషన్ అయితే డ్రైవింగుకు కనీసం నాలుగు వారాలు పెట్టుకో. బ్యాండు తర్వాత నొప్పి రోజురోజుకూ పెరుగుతూ, జ్వరం వచ్చి, మూత్రం బిగుసుకుపోతే అది అరుదైనదే గాని ప్రాణాపాయమైన ఇన్ఫెక్షన్ కావచ్చు. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి. తిరిగి వెళ్లాక బండిలో నీళ్ల సీసా పెట్టుకుని, మూత్రానికి ఆగవలసి వస్తుందని నీళ్లు మానేసే అలవాటు ఉంటే దాన్ని వదులుకో.

ఆయుర్వేద పాఠం

నేను ఆయుర్వేద కళాశాలలో శల్యతంత్రం, అంటే శస్త్రచికిత్స, బోధిస్తాను. అర్శస్సుకు, అంటే మొలలకు, ఔషధం, క్షారం, అగ్ని, శస్త్రం అని సుశ్రుతుడు నాలుగు ఉపాయాలు చెప్పాడు. క్షారసూత్రం, అంటే క్షారం పూసిన దారం, గత శతాబ్దంలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పరిశోధనల వల్ల మళ్లీ వాడుకలోకి వచ్చింది; భగందరానికి (ఫిస్టులాకు) దాని ఉపయోగం ఎక్కువ, మొలలకు కూడా కడతారు. క్షారసూత్రం కట్టించుకున్నవారికి కూడా మొల రాలిపోయేదాకా నొప్పి, వాపు ఉంటాయి. వారికీ వెచ్చని నీళ్లలో కూర్చోవడం, మెత్తని మోషన్, మాత్రలు ఇవే వర్తిస్తాయి. రాత్రి త్రిఫల చూర్ణం వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. సర్జను ఇప్పటికే లాక్టులోజ్ రాసి ఉంటే రెండూ కలిపి వాడితే నీళ్ల విరేచనాలై పుండు మరింత మండుతుంది, కాబట్టి ఒక్కటే వాడండి. ఆముదం వద్దు. మరో మాట: ఏ వైద్యం చేసినా పచ్చి పుండు మీద పసుపు ముద్ద, కలబంద, నాటు పసరు రాయవద్దని నా విద్యార్థులకు చెప్పినట్టే మీకూ చెబుతున్నాను.

గోదారిగట్టు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు చెప్పినవన్నీ వరుసగా అమలు చేశాం. వసారాలో గుంత కుర్చీ, కాళ్ల కింద పాత పీట, పక్కన నీళ్ల చెంబు పెట్టాం. ఉదయం ఆరింటికి అలారం మోగగానే ఒక ఇడ్లీ తిని మాత్ర వేసుకుంటారు, ఏడింటికి వెళ్తారు, రాగానే బేసినులో నీళ్లు సిద్ధంగా ఉంటాయి. క్రియాటినిన్ పరీక్ష చేయించి, డాక్టరుగారి సలహాతో డైక్లోఫెనాక్ మానిపించి పారాసిటమాల్ మీదే ఉంచాం, డిల్టియాజెమ్ జెల్ మొదలుపెట్టారు. మోషన్ తర్వాత గంటల తరబడి ఉండే పిండేసే నొప్పి ఇప్పుడు చాలా తగ్గింది. వాపు కూడా సగం దిగింది. మధ్యాహ్నం తోటకూర పప్పుతో అన్నం, సాయంత్రం జామపండు తింటున్నారు. బొప్పాయిని అమ్మ తానే కోసి పెట్టింది.

అయితే రెండో వారంలోకి వచ్చాక ఈ రోజు ఉదయం మోషన్‌తో పాటు ఎర్రటి రక్తం పడింది. నొప్పి లేదు. ఆ తర్వాత పడుకున్నా గుడ్డ తడుస్తూనే ఉంది. ఇది పుండు మానడంలో భాగమా, భయపడవలసినదా?

పల్లె సర్జన్

ఇది చదవగానే బయలుదేరండి. మోషన్ మీద చారలా, లేదా తుడుచుకున్నప్పుడు మరకలా కనిపించే రక్తం కొన్ని వారాలు మామూలే. కానీ 7 నుంచి 14 రోజుల మధ్య, రక్తనాళాన్ని మూసిన కణజాలం రాలినప్పుడు లోపలినుంచి ధారగా రావచ్చు. పడుకున్నా గుడ్డ తడవడం, గడ్డలు గడ్డలుగా పడటం, కళ్లు తిరగడం, గుండె దడ, వీటిలో ఏది ఉన్నా ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు. కొన్నిసార్లు రక్తం బయటికి రాకుండా పేగులోనే నిండుతుంది, నిమిష నిమిషానికి మోషన్ వస్తున్నట్టు అనిపించడమే గుర్తు. ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. దారిలో తినడానికి ఏమీ పెట్టకండి, మళ్లీ మత్తు ఇవ్వవలసి రావచ్చు. షుగరు మాత్ర ఈ పూట వేయవద్దు. ఇప్పటికే వేసుకుని ఉంటే అక్కడికి చేరగానే ఆ మాట చెప్పండి.

గోదారిగట్టు

నిన్ననే ఇంటికి తీసుకొచ్చాం. మత్తులో చూసి, రక్తం వస్తున్నచోట ఒక కుట్టు వేశారు. ముందే రక్తం తక్కువ మనిషి కాబట్టి ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని అక్కడి డాక్టరు అన్నారు. ఈ చర్చలో ఆ జవాబు రాకపోతే సాయంత్రం దాకా చూద్దామనే అనుకుని ఉండేవాళ్లం.

ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది. రెండు సందేహాలు మిగిలాయి. సిరప్ ఎన్నాళ్లు వాడాలి? సైకిలు మీద పొలానికి ఎప్పుడు వెళ్లవచ్చు అని ఆయన రోజూ అడుగుతున్నారు.

వార్డు సిస్టర్

ఆయన పొలం మాట ఎత్తుతున్నారంటే నాకు సంతోషంగా ఉంది. సిరప్ ఒక్కసారిగా మానకండి. పుండు పూర్తిగా మానిందని పరీక్షలో చెప్పేదాకా ఉంచి, ఆ తర్వాత మోషన్ మెత్తదనం చూసుకుంటూ కొద్ది కొద్దిగా తగ్గించండి. ఆ తగ్గించే రోజుల్లో రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ నిండు గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగించి, మీద ఇంకో గ్లాసు నీళ్లు ఇవ్వండి. కొన్ని పొట్లాల్లో చక్కెర కలిసి ఉంటుంది, షుగరు ఉన్నవారికి చక్కెర లేనిది అడిగి తీసుకోండి. గుండె, మూత్రపిండాల కారణంగా నీళ్లు తగ్గించమని ఎవరూ చెప్పకపోతే రోజుకు రెండు, రెండున్నర లీటర్లు తాగాలి. ఐరన్ మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మోషన్ గట్టిపడుతుందేమో గమనించండి.

సైకిలు ఆరు వారాలు వద్దు, సర్జను చూసి సరేనన్నాకే. ఎరువు బస్తాలు, నీళ్ల బిందెలు ఎత్తడం కూడా అంతవరకూ ఆపాలి. నడక మాత్రం ఈ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. ఉదయం ఎండ ఎక్కకముందు మీరో, అమ్మగారో పక్కన ఉండి గట్టు దాకా నడిపించి తీసుకురండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చీము వాసన వచ్చినా, తగ్గిన నొప్పి మళ్లీ పెరుగుతున్నా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. చూపించుకోవలసిన తేదీని ఆయన చీటీ మీద చూసి, ఆ రోజుకు షుగరు పరీక్ష రిపోర్టు కూడా చేయించి పట్టుకెళ్లండి.